బోరు నీళ్ల ఇంట్లో రేజర్‌కు పట్టే సబ్బు గార: దేన్ని దేనితో వదిలించాలి?

బోరు నీళ్లతో గడ్డం గీసుకునే ఇంట్లో కొత్త రేజర్ మెరుపు వారం కూడా నిలవదు. బ్లేడు కింద తెల్లగా మడ్డి పేరుకుంటుంది. బిగించే మరలో బూడిదరంగు జిడ్డు చేరుతుంది. బ్రష్ కుదుళ్లలో సున్నం పూసినట్టు గట్టిపడుతుంది. దాన్ని వదిలించడానికి ఒకరు వెనిగర్ అంటారు, ఒకరు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), మరొకరు వంట సోడా, ఇంకొకరు గిన్నెలు తోమే లిక్విడ్ చాలంటారు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసేవే. ఏ మరకకు, ఏ లోహానికి, ఎంతసేపు అన్నది చూడకుండా వాడితే మాత్రం గారతోపాటు పూత కూడా పోతుంది.

ముందు గార సంగతి

షేవింగ్ సబ్బులో, క్రీములో ప్రధానంగా ఉండేది స్టియరిక్ ఆమ్లం నుంచి తయారైన సోడియం, పొటాషియం సబ్బు. డబ్బాలో వచ్చే నురగలోనూ సాధారణంగా ఆ జాతి సబ్బే ఉంటుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సోడియం, పొటాషియంలను పక్కకు నెట్టి సబ్బును పట్టుకుంటాయి. అప్పుడు పుట్టేది కాల్షియం స్టియరేట్. అది నీళ్లలో కరగదు. అందుకే రేజర్‌ను కుళాయి కింద ఎంతసేపు పట్టుకున్నా ఆ తెల్లపొర కదలదు. పైగా ఆ కుళాయిలో వచ్చేవీ అవే నీళ్లు.

లీటరుకు 300 మి.గ్రా. కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు (కాల్షియం కార్బొనేట్ లెక్కలో), ఉన్న నీళ్లనుకుందాం. లెక్క కడితే ఒక్క లీటరు నీళ్లు దాదాపు 1.8 గ్రాముల సబ్బును గారగా మార్చగలవు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే హద్దు లీటరుకు 200 మి.గ్రా. వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా రేజర్‌కు గార పట్టించగలవు.

ఆమ్లం తగిలితే కాల్షియం విడిపోయి నీళ్లలో కలుస్తుంది. మిగిలిన స్టియరిక్ ఆమ్లం మాత్రం మైనంలాంటి జిడ్డు. అది 69 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం, నీళ్లలో కలవదు. అందుకే వెనిగర్‌లో నానబెట్టి తీసిన రేజర్ చేతికి జారుడుగా తగులుతుంది. చాలామంది అక్కడితో ఆపేసి, వెనిగర్ పనిచేయలేదనుకుంటారు. అది తన పని చేసింది, రెండో సగం మిగిలిపోయింది. ఆ జిడ్డును గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు లాగేయాలి. ఇందులో ఏ ఒక్కదానితోనూ మొండిగార పూర్తిగా పోదు. వెనిగరా, లిక్విడా అని తేల్చుకోవాల్సిన అవసరమే లేదు. ఆమ్లం ఏది, ఎంత పలుచగా, ఎన్ని నిమిషాలు అన్నదే తేల్చుకోవాలి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది మరక. వేలితో రుద్దితే మెత్తగా, మైనంలా సాగేది సబ్బు గార. గోటికి గరుకుగా తగిలి, ఒక చుక్క వెనిగర్ వేస్తే సన్నగా బుడగలొచ్చేది సున్నపు పొర. గీజరు కాయిల్‌కు పట్టేది ఇదే. దీనికి ఆమ్లం ఒక్కటే చాలు. గోధుమరంగు మచ్చ తుప్పు, ఆకుపచ్చగా ఉండేది ఇత్తడికి పట్టే చిలుము. ఈ రెండూ గారలు కావు. కడిగితే పోలేదని నానబెట్టే సమయం పెంచుతూ పోతే వస్తువే పాడవుతుంది.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, లోహం. మార్కెట్లో దొరికే తక్కువ ధర సేఫ్టీ రేజర్లలో చాలావాటి తల జింక్ మిశ్రమంతో పోతపోసి, పైన క్రోమ్ పూత వేసినది. పిడి ఇత్తడి కావచ్చు, స్టీలు కావచ్చు. అయస్కాంతం ఇక్కడ అంతగా తోడ్పడదు. జింక్ మిశ్రమం, ఇత్తడి రెండూ దానికి అంటుకోవు, రేజర్లకు వాడే స్టెయిన్‌లెస్ రకాలు చాలావరకు అంటుకోవు. పూత అరిగిన చోట, మర గాళ్లలో చూడండి. పసుపు కనిపిస్తే ఇత్తడి. ముదురు బూడిదరంగులో, గరుకుగా ఉంటే జింక్. ఎక్కడా పూత లేకుండా ఒకే లోహంగా, చేతికి బరువుగా ఉంటే స్టెయిన్‌లెస్ అయ్యే అవకాశం ఎక్కువ. దూదిలా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. తేల్చుకోలేకపోతే జింక్ అనుకునే మొదలుపెట్టండి.

మూడోది, ఎంతకాలం పేరుకున్న గార అన్నది. వారం నాటి పొరకు లిక్విడ్, పాత టూత్ బ్రష్ చాలు. ఆరు నెలల గారకు ఆమ్లం తప్పదు.

| వస్తువు | గిన్నెల లిక్విడ్ | వెనిగర్ | నిమ్మ ఉప్పు | దగ్గరికి రానివ్వకూడనివి |
|---|---|---|---|---|
| స్టెయిన్‌లెస్ స్టీల్ | వాడొచ్చు | సగం నీళ్లతో, 20 నిమిషాలు | 2 శాతం, 15 నిమిషాలు | బ్లీచ్, బాత్రూమ్ యాసిడ్ |
| క్రోమ్ పూత వేసిన జింక్ | ముందు దీన్నే వాడాలి | 1 పాలుకు 3 పాళ్ల నీళ్లు, 5 నిమిషాలు | వద్దు | రాత్రంతా నానబెట్టడం |
| పూతలేని ఇత్తడి | వాడొచ్చు | 1 పాలుకు 3 పాళ్ల నీళ్లు, 5 నిమిషాలు | 1 శాతం, 5 నిమిషాలు | అమ్మోనియా ఉన్న క్లీనర్లు |
| అల్యూమినియం | ఇదొక్కటే | వద్దు | వద్దు | వంట సోడా, బట్టల సోడా |
| బంగారు పూత | ఇదొక్కటే | వద్దు | వద్దు | టూత్‌పేస్ట్, పీచు |
| కార్ట్రిడ్జ్ తల (బ్లేళ్లతో సహా మార్చేది) | వాడొచ్చు | 1 పాలుకు 3 పాళ్ల నీళ్లు, 5 నిమిషాలు | అవసరం లేదు | గుడ్డతో తుడవడం |
| వెంట్రుకల బ్రష్ | వాడొచ్చు, కొద్దిగా | 1 పాలుకు 10 పాళ్ల నీళ్లు, 5 నిమిషాలు | వద్దు | మరిగే నీళ్లు, సోడాలు |

గిన్నెలు తోమే లిక్విడ్

దీనితోనే మొదలుపెట్టాలి, దీనితోనే ముగించాలి. ఇది సబ్బు కాదు, డిటర్జెంట్. కాల్షియంతో కలిసి గార కట్టదు. పైగా పలుచని గారను నీళ్లలో చెదరగొట్టి తేలేలా చేస్తుంది. కప్పు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా లిక్విడ్ కలిపి, విప్పిన రేజర్ ముక్కలను పది నిమిషాలు నానబెట్టి, మెత్తటి టూత్ బ్రష్‌తో మర గాళ్లు, తల కింది పళ్లు రుద్దాలి. ఏ లోహానికీ హాని లేదు. దీనివల్ల కానిదల్లా గట్టిపడిన పాత గార, సున్నపు పొర.

ఒంటి సబ్బుతో రేజర్ కడిగేవాళ్లున్నారు. అది గారకు గార చేర్చడమే.

వెనిగర్

కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో సాధారణంగా 4 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. నిమ్మ ఉప్పు ద్రావణం కంటే ఇది మెత్తనిది. ఆ మెత్తదనమే ఇక్కడ మేలు. పూత వేసిన రేజర్ల దగ్గర తప్పు చేయడానికి కాస్త వ్యవధినిస్తుంది. వాసన ఘాటుగా ఉంటుంది కానీ కడిగి ఆరబెడితే గంటలో పోతుంది.

జింక్ తలతో జాగ్రత్త ఎందుకంటే క్రోమ్ పూత పైకి నునుపుగా కనిపించినా అందులో కంటికి కనిపించని సూదిమొన రంధ్రాలుంటాయి. ఆమ్లం వాటిలోంచి దిగి కింది జింక్‌ను తింటుంది. పైన పూత అలాగే ఉంటుంది, కింద గుల్లవుతుంది. కొన్నాళ్లకు పూత పొంగి బుడగలా లేస్తుంది, ఆ తర్వాత పెచ్చుగా ఊడుతుంది. తల మధ్యలోని సన్నని మర పుల్ల ఒకరోజు బిగిస్తుంటే పుటుక్కున విరిగితే కారణం చాలాసార్లు ఇదే. ఐదు నిమిషాలకు అలారం పెట్టుకోండి. పూత ఇప్పటికే లేచిన చోట ఐదు నిమిషాలు కూడా వద్దు, లిక్విడ్‌తో సరిపెట్టుకోండి.

యాపిల్ సైడర్ వెనిగర్, చెరకు వెనిగర్ కూడా పనిచేస్తాయి. కానీ వాటి రంగు, తీపి అంశం బ్రష్‌లో మిగులుతాయి. తెల్లదే మేలు.

నిమ్మ ఉప్పు

మొండిగార పట్టిన స్టెయిన్‌లెస్ రేజర్‌కు, స్టీలు గిన్నెకు, స్టాండుకు మొదటి ఎంపిక ఇదే. ఆమ్లంగా పనిచేస్తూనే కాల్షియాన్ని పట్టి ఉంచే గుణం దీనికుంది. వాసన ఉండదు. పులిహోరలోకో అల్లం పచ్చట్లోకో తెచ్చుకున్న చిన్న పొట్లం రేజర్‌కు నెలలపాటు వస్తుంది.

250 మి.లీ. నీళ్లకు ఒక గీటు చెంచా, అంటే దాదాపు 5 గ్రాములు వేస్తే 2 శాతం ద్రావణం. స్టెయిన్‌లెస్‌కు ఇది చాలు. ఇత్తడికి అందులో సగం.

దీనితో జరిగే తప్పు అతి చేయడం. గుప్పెడు వేసి మరిగించిన నీళ్లు పోస్తే తొందరగా పోతుందనుకుంటారు. కాల్షియం, సిట్రిక్ ఆమ్లం కలిసి ఏర్పడే కాల్షియం సిట్రేట్ నీళ్లలో కొద్దిగానే కరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ ఇంకా తక్కువగా కరుగుతుంది. సున్నం బాగా ఉన్న వస్తువును వేడివేడి ద్రావణంలో వదిలేస్తే తెల్లటి పొడిలా కొత్త పొర కూర్చుంటుంది. గోరువెచ్చగా చాలు. గార ఎక్కువుంటే చిక్కగా ఒకసారి కాకుండా పలుచగా రెండుసార్లు, ప్రతిసారీ కొత్త ద్రావణంతో.

నిమ్మకాయ చెక్కతో రుద్దడం కూడా ఈ కోవలోదే, కాకపోతే ఎంత ఆమ్లం తగులుతోందో తెలియదు. గుజ్జు మరల్లో ఇరుక్కుంటుంది. దాని మీద ఉప్పు చల్లి తోమడం ఇత్తడి చెంబులకు సరే, స్టెయిన్‌లెస్‌కు చేటు. ఉప్పులోని క్లోరైడ్ స్టీలు మీది రక్షణ పొరను ఛేదించి సూదిగుంటలు పెడుతుంది.

ఇత్తడి రేజర్ ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే గులాబీరంగుకు తిరుగుతుంది. పైపొరలోని జింక్ పోయి రాగి మిగిలిందని అర్థం. చింతపండుతో తోమినా ఎక్కువసేపు వదిలేస్తే ఇదే జరుగుతుంది. మెత్తటి పాలిష్‌తో రంగు వెనక్కి వస్తుంది కానీ ప్రతి నెలా అలా చేస్తూ పోతే చెక్కిన గళ్లు అరిగి పిడి జారుతుంది.

వంట సోడా, టూత్‌పేస్ట్

వంట సోడా గారను కరిగించదు. మెత్తటి గరుకుపొడిలా రాపిడితో కొంత లాగుతుంది, అంతే. వెనిగర్‌లో సోడా వేస్తే బుసబుస పొంగడం చూసి బాగా పనిచేస్తోందనిపిస్తుంది. నిజానికి అక్కడ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని సోడియం ఎసిటేట్ నీళ్లు మిగులుతాయి. వెనిగర్‌కు ఉన్న బలం కాస్తా పోతుంది. రెండూ వాడాలనే ఉంటే ముందు వెనిగర్, కడిగాక వేరుగా సోడా.

టూత్‌పేస్ట్ పూతలేని స్టెయిన్‌లెస్ మీద మిగిలిన మసకను తీయడానికి బాగుంటుంది. క్రోమ్ మీద నెలకోసారి మించి వద్దు. పళ్లపొడి, ఇత్తడి సామాను తోమే పొడి, స్టీలు పీచు ఏ పూత మీదా వద్దు.

స్పిరిట్, అల్ట్రాసోనిక్ డబ్బా, బాత్రూమ్ యాసిడ్

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ క్రిములను చంపడానికి. గార మీద దానికి పట్టులేదు. ముందు గార తీశాకే స్పిరిట్ తుడవాలి, లేకపోతే గార కింద దాగిన వాటికి అది తగలదు.

కళ్లజోళ్ల దుకాణంలో కనిపించే అల్ట్రాసోనిక్ డబ్బా బ్రష్ చేరని సందుల్లోంచి గారను కదిలిస్తుంది. తిప్పితే కోణం మారే అడ్జస్టబుల్ రేజర్లకు ఇది నిజంగా అక్కరకొస్తుంది, ఎందుకంటే వాటిని ఇంట్లో విప్పి మళ్లీ బిగించడం కష్టం. నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్, 3 నిమిషాలు. పూత అప్పటికే వదులైన రేజర్‌ను అందులో వేస్తే ఆ పెచ్చులు పూర్తిగా లేచిపోతాయి. ఒక్క రేజర్ కోసం మాత్రం ఇది కొనాల్సిన వస్తువు కాదు.

టాయిలెట్ క్లీనర్లు, సీసాల్లో అమ్మే బాత్రూమ్ యాసిడ్ చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. గార క్షణాల్లో పోతుంది, జింక్, క్రోమ్ కూడా దాని వెంటే పోతాయి, స్టెయిన్‌లెస్‌కు గుంటలు పడతాయి. ముఖానికి ఆనించే వస్తువుకు దాన్ని తాకించనే కూడదు. దానికి బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వెనిగర్‌తోనూ, నిమ్మ ఉప్పుతోనూ బ్లీచ్‌ను కలపకూడదు.

వరుస ఇలా

1. బ్లేడు తీసి పక్కన పెట్టండి. రేజర్‌ను ముక్కలుగా విప్పండి. బిగించిన రేజర్‌ను ఆమ్లంలో వేస్తే మర సందులో ఇరుక్కున్న ద్రావణం కడిగినా బయటికి రాదు, రోజుల తరబడి లోహాన్ని తింటూ ఉంటుంది.
2. లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు, తర్వాత టూత్ బ్రష్. ఇక్కడితో పోతే ఆపేయండి.
3. పోకపోతే పట్టికలో చెప్పిన ఆమ్లం, చెప్పిన నిమిషాలు. జింక్ ముక్కను, స్టీలు ముక్కను ఒకే గిన్నెలో వేయకండి. రెండు వేర్వేరు లోహాలు ఆమ్లంలో ఒకదానికొకటి తగిలితే జింక్ మరింత వేగంగా కరుగుతుంది.
4. ధారాళంగా కడిగి, మళ్లీ లిక్విడ్‌తో రుద్దండి. జారుడు పోయే వరకు.
5. చివరి కడుగు ఆర్‌ఓ నీళ్లతో. తుడిచి, విడివిడిగా ఆరబెట్టండి. మరకు ఒక చుక్క కొబ్బరినూనె కాకుండా కుట్టుమిషన్ నూనె రాయండి. కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది.

బ్లేడును శుభ్రం చేసే శ్రమ అనవసరం. గార కట్టిన బ్లేడును పారేసి కొత్తది పెట్టడమే చవక, చర్మానికీ మంచిది. కార్ట్రిడ్జ్ ఖరీదైనది కాబట్టి దాని లెక్క వేరు. వెనకవైపు నుంచి కుళాయి ధార కొట్టి, 5 నిమిషాలు పలుచని వెనిగర్‌లో తల మాత్రమే ముంచి, టూత్ బ్రష్‌ను బ్లేడు వెన్ను నుంచి అంచు వైపు నడపండి. ఎదురు రుద్దితే అంచు దెబ్బతింటుంది. తల మీది జారుడు పట్టీ నీళ్లలో కరిగేదే, అందుకే గంటలకొద్దీ నానబెట్టకూడదు.

బ్రష్‌కు వేరే కొలత

బ్యాడ్జర్, పంది వెంట్రుకల బ్రష్‌లు మన జుట్టులాంటి కెరటిన్‌తో అయినవే. పలుచని ఆమ్లాన్ని తట్టుకుంటాయి, క్షారాన్ని తట్టుకోలేవు. సోడాలో నానిన బ్రష్ వెంట్రుకలు పెళుసుబారి విరుగుతాయి. వేడి నీళ్లు వెంట్రుకల ముడిని పట్టి ఉంచిన జిగురును వదులు చేస్తాయి. చేయి పెట్టుకోగలిగినంత వేడి చాలు.

పలుచని వెనిగర్ నీళ్లలో బ్రష్‌ను పిడికి తగలకుండా ముంచి, గుండ్రంగా తిప్పుతూ 5 నిమిషాలు. వేళ్లతో కుదుళ్లు విప్పుతూ పిండండి, గార ఉండేది అక్కడే. తర్వాత రెండు చుక్కల లిక్విడ్, ఆపైన నాలుగైదు సార్లు మంచినీళ్లు. విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టండి. సింథటిక్ బ్రష్‌కు ఇదే పద్ధతి, కాకపోతే భయం తక్కువ, ఆరడం తొందర. నీళ్లు బాగా కఠినంగా ఉన్న ఇంట్లో కొత్త బ్రష్ కొనేటట్టయితే సింథటిక్‌దే కొనమని నిస్సంకోచంగా చెప్పొచ్చు.

ఎవరికి ఏది

హాస్టల్ గదిలో, పీజీలో ఉండేవారికి కార్ట్రిడ్జ్‌కయినా, చవక సేఫ్టీ రేజర్‌కయినా వారానికోసారి లిక్విడ్, టూత్ బ్రష్ చాలు. వారం తప్పకపోతే వెనిగర్ సీసా కొనే పనే పడదు.

మంచి స్టెయిన్‌లెస్ రేజర్ మీద డబ్బు పెట్టినవారు నెలకోసారి నిమ్మ ఉప్పు, తర్వాత లిక్విడ్. నాన్నగారి కాలం నాటి ఇత్తడి రేజర్‌ను మళ్లీ వాడాలనుకునేవారు పూత ఉందో లేదో చూసి, ఉంటే జింక్ వస్తువులా మర్యాదగా చూసుకోండి. పాత పూత ఒకసారి పోతే ఇంట్లో తిరిగి వేసేది కాదు.

సెలూన్ నడిపేవారికి వేగం, శుభ్రం రెండూ కావాలి. బ్లేడు మార్చే కత్తి స్టెయిన్‌లెస్‌దే ఎంచుకోండి. ప్రతి గిరాకీకీ కొత్త బ్లేడు, లిక్విడ్‌తో రుద్దడం, తర్వాత స్పిరిట్. రోజు చివర 2 శాతం నిమ్మ ఉప్పులో 15 నిమిషాలు. బ్లీచ్‌లో పడేసి ఉంచితే స్టీలు కూడా నిలవదు.

నీళ్లు మారిస్తే సగం పని తప్పుతుంది

మీ నీళ్లెంత కఠినమో తెలుసుకోవడానికి రెండు గాజు సీసాలు చాలు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు మూడోవంతు పోసి, రెండింట్లోనూ శనగగింజంత షేవింగ్ క్రీము వేసి గిలకొట్టండి. ఆర్‌ఓ సీసాలో నురగ నిలబడుతుంది. బోరు సీసాలో నురగ చితికి, విరిగిన పాలలా తునకలు తేలితే ఆ తునకలే మీ రేజర్ మీది గార. టీడీఎస్ మీటర్‌ను దీనికి నమ్ముకోవద్దు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుంది. అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియాన్ని ఇస్తుంది కాబట్టి టీడీఎస్ పెద్దగా తగ్గదు, గార మాత్రం తగ్గుతుంది. ఉన్నట్టుండి గార పెరిగిందంటే సాఫ్ట్‌నర్‌లో ఉప్పు అయిపోయిందేమో వాచ్‌మన్‌ను అడగండి.

నురగ కట్టడానికి అర కప్పు, చివరగా రేజర్, బ్రష్ ముంచి తీయడానికి ఒక కప్పు, మొత్తం 300 మి.లీ. ఆర్‌ఓ నీళ్లు చాలు. క్రీము కూడా తక్కువ పడుతుంది. ఆర్‌ఓ లేకపోతే ఇన్వర్టర్ బ్యాటరీకి కొనే డిస్టిల్డ్ వాటర్‌ను చివరి కడుగుకు వాడొచ్చు. గీజరు నీళ్లలో కొంత సున్నం కాయిల్‌కే అంటుకుని ఆగిపోతుంది కానీ సల్ఫేట్, క్లోరైడ్ రూపంలో ఉన్న కాఠిన్యం అలాగే వస్తుంది.

క్రీము కొనేటప్పుడు డబ్బా మీది పదార్థాల జాబితాలో ఈడీటీఏ ఉందేమో చూడండి. అది కాల్షియాన్ని సబ్బు కంటే ముందే పట్టుకుంటుంది. గడ్డం అయ్యాక ముఖానికి పటిక రాసుకునేవారు ఆ చేత్తోనే రేజర్ ముట్టుకోకండి. పటికలోని అల్యూమినియం కూడా సబ్బుతో కలిసి కరగని పొరే కడుతుంది.

ఆర్‌ఓ మిషన్ వెనక గొట్టంలోంచి వృథాగా పోయే నీళ్లను బకెట్లో పట్టి బాత్రూంలో వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. నేల తుడవడానికి అవి సరే. లోపల వడకట్టిన కాల్షియమంతా వాటిలోనే చేరి బోరు నీళ్ల కంటే కఠినంగా తయారవుతాయి, కాబట్టి రేజర్‌ను ఆ బకెట్లో ముంచకండి.